విలీనానికి బదులుగా చెక్కు: షార్లెట్స్‌విల్–ఆల్బెమార్ల్ ఆదాయ పంపకంపై ఒక కేస్ స్టడీ

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఆల్బెమార్ల్ కౌంటీ (మన జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం) ఏటా తన పన్నుల రాబడిలోంచి కొంత సొమ్మును షార్లెట్స్‌విల్ నగరానికి చెల్లిస్తుంది. మొదటి ఏడాది, అంటే 1982-83లో, ఆ మొత్తం దాదాపు 13 లక్షల డాలర్లు. 2010-11లో అది 1.8 కోట్ల డాలర్లు దాటింది. 2019-20 నాటికి సుమారు 1.4 కోట్లకు తగ్గింది. నగరం కౌంటీ భూమిని తనలో కలుపుకోనన్న మాటకు బదులుగా, 1982 ఒప్పందం ప్రకారం ఇచ్చే సొమ్ము ఇది. దీన్ని ఫలానా సేవకే ఖర్చు చేయాలని ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు. అది నేరుగా నగర సాధారణ నిధిలో కలుస్తుంది.

స్థానిక ప్రభుత్వాల బడ్జెట్లే నా వృత్తి. నగరానికీ కౌంటీకీ మధ్య డబ్బు పంపకం మాట వచ్చినప్పుడల్లా నేను ముందు ఈ ఒప్పందాన్నే తీసి చూపిస్తాను. ఇందులో లెక్క పక్కాగా ఉంది, సంతకాలు చేసినవారి ఉద్దేశం మంచిది, ఓటర్ల ఆమోదం కూడా ఉంది. అయినా నాలుగు దశాబ్దాలుగా కౌంటీలో దీని మీద అసంతృప్తి చల్లారలేదు. పన్ను రాబడిని పంచుకోవడం ఒక పని, ఉమ్మడి సేవల ఖర్చును పంచుకోవడం మరో పని. ఈ రెండింటినీ జనం ఒకటిగా చూడటమే ఆ అసంతృప్తికి మూలమని నా అభిప్రాయం.

వర్జీనియాలో నగరం కౌంటీలో భాగం కాదు

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నగరం కౌంటీ లోపలే ఉంటుంది. నగరవాసి కౌంటీకీ పన్ను కడతాడు, నగరానికీ కడతాడు. వర్జీనియాలో అలా కాదు. అక్కడి 38 నగరాలు పూర్తిగా స్వతంత్రమైనవి. 95 కౌంటీల్లో దేనిలోనూ అవి భాగం కావు. షార్లెట్స్‌విల్ విస్తీర్ణం పదిన్నర చదరపు మైళ్ల లోపే. దాని చుట్టూ 700 చదరపు మైళ్లకు పైగా ఆల్బెమార్ల్ కౌంటీ పరచుకుని ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం నగరంలో 46,553 మంది, కౌంటీలో 1,12,395 మంది ఉన్నారు. ఎవరి పాఠశాలలు వారివి, ఎవరి పోలీసులు వారివి, ఎవరి ఆస్తి పన్ను వారిది.

ఈ ఏర్పాటు వల్ల విలీనం అంటే అక్కడ కౌంటీకి భయం. నగరం తన పొలిమేర జరిపి కొంత భూమిని కలుపుకుంటే, ఆ భూమితో పాటు దాని మీద వచ్చే పన్ను, అక్కడి జనం, బడి పిల్లలు అందరూ కౌంటీ లెక్కలోంచి శాశ్వతంగా పోతారు. వేరే రాష్ట్రాల్లో కౌంటీకి కనీసం తన వంతు పన్నైనా మిగులుతుంది. ఇక్కడ ఏమీ మిగలదు. పైగా చాలాకాలం పాటు దీన్ని తేల్చింది ఓటర్లు కాదు, ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక న్యాయస్థానం.

ఈ తగాదాలు డబ్బుతోనే ఆగిపోలేదు. 1970లో రిచ్‌మండ్ నగరం పొరుగున ఉన్న చెస్టర్‌ఫీల్డ్ కౌంటీ నుంచి 23 చదరపు మైళ్లు కలుపుకుంది. అక్కడి సుమారు 47,000 మందిలో అత్యధికులు శ్వేతజాతీయులు. నగరంలో నల్లజాతి ఓటర్ల బలాన్ని తగ్గించడానికే ఈ పని చేశారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1970 నుంచి 1977 దాకా రిచ్‌మండ్‌లో నగర మండలి ఎన్నికలే జరగలేదు. పొలిమేర జరపడం ఎంత దూరం పోగలదో ఆ దశాబ్దంలో వర్జీనియా అంతా చూసింది.

1982లో ఏం జరిగింది

షార్లెట్స్‌విల్ 1960లలో కౌంటీ భూమిని కలుపుకుంది. 1970ల చివరికి మళ్లీ అదే ఆలోచన వచ్చింది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. నగరం నడిబొడ్డున ఉన్న బజారు వీధిని 1976లో పాదచారుల వీధిగా మార్చి, వ్యాపారాన్ని నిలబెట్టుకోవడానికి తంటాలు పడుతోంది. అదే సమయంలో కొత్త దుకాణాలన్నీ పొలిమేర అవతల రూట్ 29 రహదారి వెంట వెలుస్తున్నాయి. 1980లో ఫ్యాషన్ స్క్వేర్ మాల్ కౌంటీ భూమి మీద తెరుచుకుంది. వర్జీనియాలో స్థానిక అమ్మకపు పన్ను అమ్మకం జరిగిన చోటికే చెందుతుంది. నగరవాసి అక్కడికి కారులో వెళ్లి సరుకు కొంటే పన్ను కౌంటీకి దక్కుతుంది. ఇటు నగరంలో పేదలు ఎక్కువ, పన్ను వర్తించని విశ్వవిద్యాలయ భూములున్నాయి, పాత పైపులూ పాత రోడ్లూ ఉన్నాయి.

కోర్టుకెక్కితే ఎవరు గెలుస్తారో రెండు పక్షాలకూ నమ్మకం లేదు. న్యాయవాదుల ఖర్చు మాత్రం ఖాయం. 1979లో రాష్ట్ర శాసనసభ ఇలాంటి తగాదాలను స్వచ్ఛంద ఒప్పందంతో తీర్చుకునే దారి తెరిచింది. ఆ దారిలోనే 1982 ఫిబ్రవరిలో నగరమూ కౌంటీ ఒప్పందానికి వచ్చాయి. నగరం ఇక విలీనానికి పూనుకోదు, కౌంటీ తన రాబడిని నగరంతో పంచుకుంటుంది. కౌంటీ దీర్ఘకాలిక ఆర్థిక బాధ్యత తలకెత్తుకోవాలంటే ఓటర్ల ఆమోదం కావాలి కాబట్టి మే 18న కౌంటీలో ఓటింగు పెట్టారు. ఓటర్లు ఒప్పుకున్నారు.

ఆనాటి కౌంటీ నాయకుల స్థానంలో నేనున్నా సంతకం పెట్టేవాడినే. ఎదిగే ప్రాంతాన్ని ఒకసారి పోగొట్టుకుంటే అది తిరిగి రాదు. ఏటా చెల్లించే సొమ్ము బరువైనదే, కానీ భూమి చేతిలో ఉంటుంది. దాని మీద పుట్టే కొత్త రాబడిలో అధిక భాగం కూడా చేతిలోనే ఉంటుంది.

సూత్రం ఎలా పనిచేస్తుంది

రెండు ప్రభుత్వాలూ తమ స్థిరాస్తి మదింపు విలువలో ప్రతి 100 డాలర్లకు 37 సెంట్ల చొప్పున ఒక ఉమ్మడి నిధికి ఇచ్చినట్టు లెక్క వేస్తారు. ఆ నిధిని రెండు కొలతల సగటుతో పంచుతారు. ఒకటి జనాభా. రెండోది పన్ను ప్రయత్నం, అంటే ఎవరు తమ ప్రజల మీద ఎంత రేటు వేస్తున్నారన్నది. నిధికి ఇచ్చినదానికీ నిధి నుంచి వచ్చినదానికీ మధ్య తేడానే కౌంటీ నగరానికి చెల్లిస్తుంది. ఆ చెల్లింపు కౌంటీ స్థిరాస్తి విలువలో వెయ్యింట ఒక వంతును, అంటే ప్రతి 100 డాలర్లకు 10 సెంట్లను, మించకూడదు.

గుండ్రటి అంకెలతో ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. నగరం స్థిరాస్తి విలువ 600 కోట్ల డాలర్లు, కౌంటీది 1,600 కోట్లు అనుకుందాం. 37 సెంట్ల చొప్పున నగరం వంతు 2.22 కోట్లు, కౌంటీ వంతు 5.92 కోట్లు, మొత్తం నిధి 8.14 కోట్లు. జనాభాలో నగరం వాటా 30 శాతం, పన్ను ప్రయత్నంలో 54 శాతం అయితే సగటు 42 శాతం. నగరానికి 3.42 కోట్లు రావాలి. ఇచ్చింది 2.22 కోట్లు కాబట్టి నికరంగా కౌంటీ 1.2 కోట్లు చెల్లిస్తుంది. పరిమితి 1.6 కోట్లు, కాబట్టి అది ఇక్కడ అడ్డం రాదు.

ఈ లెక్కను అటూ ఇటూ మార్చి చూస్తే ఒప్పందం స్వభావం తెలుస్తుంది. జనాభాలో మూడో వంతు కూడా లేని నగరానికి 42 శాతం దక్కడానికి కారణం రెండో కొలత. నగరం రేటు పెంచితే వాటా పెరుగుతుంది. కౌంటీ తన ఓటర్లను మెప్పించడానికి రేటు తక్కువగా ఉంచితే, ఆ తక్కువ రేటు మూలంగానే నగరానికి ఎక్కువ కట్టాల్సి వస్తుంది. 2020లో నగరం రేటు 100 డాలర్లకు 95 సెంట్లు, కౌంటీది 85.4 సెంట్లు. నగరంలో ఇళ్ల ధరలు కౌంటీకన్నా వేగంగా పెరిగితే చెల్లింపు తగ్గుతుంది, ఎందుకంటే నిధికి నగరం వేసే వంతు పెరుగుతుంది. కాబట్టి మొత్తం పెరిగినా తగ్గినా ఎవరో చేసిన మాయ కాదు, లెక్క తన దారిన తాను పోతోంది. కౌంటీ బడ్జెట్ సమావేశాల్లో చెల్లింపు మొత్తం మీద జరిగే చర్చలో పదో వంతు ఈ కొలతల మీద జరిగినా జనానికి విషయం స్పష్టమయ్యేదని నాకు అనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను సూత్రాన్ని సమర్థించలేను. అందులో అవసరం అన్న కొలత లేదు. పేదరికం లేదు, బడి పిల్లల సంఖ్య లేదు, పన్ను వర్తించని భూమి లెక్క లేదు. నగరం తన వాదనలో చెప్పే కష్టాలన్నీ నిజమే, కానీ సూత్రంలో వాటికి చోటు దొరకలేదు.

మూడు చిక్కులు

మొదటిది 1987లో వచ్చింది. శాసనసభ రాష్ట్రమంతటా నగరాలు బలవంతపు విలీనానికి పూనుకోకుండా నిషేధం పెట్టింది. తాత్కాలికమన్నారు, కానీ పొడిగిస్తూనే వచ్చారు. అంటే ఆల్బెమార్ల్ డబ్బు కట్టి కొనుక్కున్న రక్షణ, ఒప్పందం కుదిరిన ఐదేళ్లకే ఇతర కౌంటీలకు ఉచితంగా అందింది. కౌంటీలో పుట్టిన కోపానికి ఇదే అసలు కారణం, ఆ కోపాన్ని నేను తప్పుపట్టలేను. అయినా ఒకటి గుర్తుంచుకోవాలి. 1982లో రాష్ట్రం ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. బీమా కట్టిన ఏడాది ఇల్లు కాలకపోతే కట్టిన ప్రీమియం వృథా అయిందని అనం.

రెండో చిక్కు ఒప్పందానికి ముగింపు ఎప్పుడన్నది. మూడు దారులే ఉన్నాయి. రెండు ప్రభుత్వాలూ ఒక్కటైపోవాలి, లేదా స్వతంత్ర నగరం అన్న పద్ధతినే రాష్ట్ర చట్టం మార్చాలి, లేదా ఇద్దరూ కలిసి రద్దుకో సవరణకో ఒప్పుకోవాలి. మూడో దారి నగరం చేతిలో ఉంది, సొమ్ము అందుకునేవారు దాన్ని ఎందుకు వదులుకుంటారు? ఎన్నేళ్లకు ఒకసారి సమీక్షించాలన్న నిబంధన లేదు. విలీనం మీద రాష్ట్ర చట్టం మారితే మళ్లీ మాట్లాడుకోవాలన్న నిబంధనా లేదు. ఒప్పందంలో పెద్ద లోపం ఇదే. నగరం తన హోదా వదులుకుని కౌంటీలో ఒక పట్టణంగా కలిసిపోయే వీలు వర్జీనియా చట్టంలో ఉంది. సౌత్ బోస్టన్ 1995లో, క్లిఫ్టన్ ఫోర్జ్ 2001లో, బెడ్‌ఫర్డ్ 2013లో అలా చేశాయి. షార్లెట్స్‌విల్‌లోనూ 1990లలో ఆ చర్చ నడిచింది కానీ ముందుకు సాగలేదు.

మూడో చిక్కు బయటివారి కంటికి కనబడదు, నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టేది అదే. వర్జీనియా తన పాఠశాల నిధులను ప్రతి ప్రాంతం స్తోమతను బట్టి ఇస్తుంది. ఆ స్తోమత సూచికలో స్థిరాస్తి విలువకు 50 శాతం, ప్రజల ఆదాయానికి 40 శాతం, అమ్మకాలకు 10 శాతం బరువు ఉంటుంది. ఆల్బెమార్ల్ తన ఆస్తుల మీద వసూలు చేసి నగరానికి ఇచ్చేసిన సొమ్మును ఆ సూచిక మినహాయించదు. చేతులు మారిన డబ్బు రాష్ట్రం దృష్టిలో ఇంకా కౌంటీదే. అందుకే కౌంటీని ఉన్నదానికన్నా సంపన్నంగా, నగరాన్ని ఉన్నదానికన్నా పేదగా రాష్ట్రం లెక్కిస్తుంది. దీన్ని సరిచేయాలన్న ప్రతిపాదనలు శాసనసభకు వచ్చాయి, నిలబడలేదు. ఒక ప్రాంతానికి ఇచ్చే నిధి పెరిగితే మరో ప్రాంతానిది తగ్గుతుంది కాబట్టి రాష్ట్రస్థాయిలో దీనికి మద్దతు కూడగట్టడం చాలా కష్టం. దెబ్బ తగిలింది మాత్రం చెక్కు రాసిన అధికారులకు కాదు, కౌంటీ బడులకు.

ఖర్చుల పంపకం మాత్రం నడుస్తోంది

ఇదే రెండు ప్రభుత్వాలు మరోవైపు అనేక సేవలను ఉమ్మడిగా నడుపుతున్నాయి. ప్రాంతీయ జైలు, అత్యవసర ఫోన్ కేంద్రం, నీటి సరఫరా, గ్రంథాలయాలు అన్నీ కలిసి నడుపుకునేవే. అత్యవసర కేంద్రంలో వర్జీనియా విశ్వవిద్యాలయం మూడో భాగస్వామి. గ్రంథాలయ వ్యవస్థలో పొరుగున ఉన్న గ్రీన్, లూయిసా, నెల్సన్ కౌంటీలు కూడా ఉన్నాయి. ఇక్కడా వాదనలున్నాయి, కానీ అవి ఏటా తెగిపోయే వాదనలు. ఎందుకంటే కొలత వాడకం. జైలు ఖర్చు ఎవరి ఖైదీలు ఎన్ని రోజులున్నారన్నదాన్ని బట్టి, గ్రంథాలయం ఖర్చు ఎవరి పాఠకులు ఎన్ని పుస్తకాలు తీసుకెళ్లారన్నదాన్ని బట్టి పడుతుంది.

నీటి విషయం మరింత ఆసక్తికరం. 1972లో ఏర్పడిన రివానా నీటి సంస్థ నీటిని శుద్ధి చేసి టోకుగా నగరానికీ, కౌంటీ నీటి సంస్థకూ అమ్ముతుంది. ర్యాగ్డ్ మౌంటెన్ దగ్గర పాత ఆనకట్ట స్థానంలో పెద్దది కట్టాల్సి వచ్చినప్పుడు, ఆ అదనపు నీరు ఎవరి ఎదుగుదల కోసమన్న ప్రశ్న ముందుకొచ్చింది. కొత్త ఇళ్లు ఎక్కువగా కౌంటీలోనే వస్తాయి. కాబట్టి ఖర్చులో 85 శాతం కౌంటీ నీటి సంస్థ, 15 శాతం నగరం భరించేలా రాసుకున్నారు. ఆనకట్ట 2014లో పూర్తయింది. కౌంటీకి అంత పెద్ద వాటా పడినా, విలీనం చెల్లింపు మీద ఉన్నంత పగ దీని మీద లేదు. డబ్బు ఎక్కడికి పోయిందో కంటికి కనిపిస్తోంది కదా.

విడిపోవడం కూడా ఇక్కడ సాధ్యమైంది. ఒకప్పుడు కౌంటీలోని పట్టణ ప్రాంతాలకు నగర అగ్నిమాపక దళం సేవ చేసేది, కౌంటీ రుసుము కట్టేది. కౌంటీ సొంత స్టేషన్లు కట్టుకున్నాక ఆ ఒప్పందం ముగిసింది. ఉమ్మడిగా నడిపిన వృత్తి విద్యా కేంద్రంలో కౌంటీ వాటాను నగర పాఠశాల బోర్డు కొనుక్కుంది. సేవకు ధర కట్టగలిగినప్పుడు వీడ్కోలుకూ ధర కట్టగలం.

జార్జియాలో వేరే దారి

ఇక్కడ చదివేవారిలో చాలామందికి అట్లాంటా శివార్లలో బంధువులుంటారు. ఫోర్సైత్ కౌంటీలో ఉన్న ఏకైక నగరం కమింగ్. కమింగ్ పేరుతో ఉత్తరాలు అందుకునే తెలుగు కుటుంబాల్లో చాలావరకు ఆ నగర పొలిమేరలో లేవు, కౌంటీలోనే ఉన్నాయి. జాన్స్ క్రీక్ 2006 డిసెంబరులో నగరంగా ఏర్పడింది. అక్కడి ఇళ్లు అంతకుముందు నేరుగా ఫుల్టన్ కౌంటీ పాలనలోనివి. మీ వీధికి మంచు తీసేది ఎవరు, పోలీసు ఎవరు పంపుతారు అన్నది ఈ పొలిమేరలే తేలుస్తాయి.

జార్జియాలో చాలా కౌంటీల్లో ఒక శాతం స్థానిక అమ్మకపు పన్నును కౌంటీ, దానిలోని నగరాలూ పంచుకుంటాయి. ప్రతి పదేళ్లకు జనాభా లెక్కలు వచ్చాక ఆ పంపకాన్ని మళ్లీ చర్చించి తీరాలి. ఒప్పందం కుదరకపోతే పన్నే రద్దయ్యే పరిస్థితి వస్తుంది. ఆ ఒత్తిడి కఠినమే. చర్చలు తెగనప్పుడు న్యాయమూర్తి ఒక పక్షం ప్రతిపాదనను ఎంచుకునే పద్ధతి పెట్టారు కానీ, 2013లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పన్నుల పంపకం శాసన వ్యవహారమని, న్యాయమూర్తి పని కాదని తేల్చింది. దీనికి తోడు 1997 చట్టం ప్రకారం ఏ సేవ ఎవరు అందిస్తారో, దానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కౌంటీ, నగరాలూ రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే రాష్ట్ర గ్రాంట్లు ఆగిపోతాయి. ఆ చర్చలు ఎంత చేదుగా ఉన్నా, పదేళ్లకు ఒకసారి బల్ల దగ్గర కూర్చోక తప్పదు. ఆల్బెమార్ల్‌కు దక్కనిది సరిగ్గా అదే.

మన రాష్ట్రాల్లో పొలిమేర జరిగినప్పుడు ఈ ప్రశ్నలు చాలావరకు లేవనెత్తకుండానే పోతాయి. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు హైదరాబాద్ నగరపాలకంలో కలిసినప్పుడు అది ప్రభుత్వ ఉత్తర్వుతో జరిగింది. పొరుగు ఊళ్లు తమలో తాము కుదుర్చుకున్న ధరతో కాదు. మనకున్న ఖర్చుల పంపకానికి మంచి ఉదాహరణ గ్రంథాలయ పన్ను. ఆస్తి పన్ను ప్రతి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలు చేసి, స్థానిక సంస్థ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు అందజేయాలి. ఏ సేవ కోసమో అందులో స్పష్టంగా ఉంది. అది సమయానికి చేరకపోతే ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

కొత్త ఒప్పందం రాసేటప్పుడు నేను అడిగేవి

నగరమూ కౌంటీ ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టబోతూ నన్ను పిలిస్తే, మొదట రెండు కాగితాలు రాయమంటాను. పొలిమేర జరపనందుకు ఇచ్చే పరిహారం ఒక కాగితంలో ఉండాలి. దానికి గడువు, గరిష్ఠ పరిమితి రాయాలి. రాష్ట్ర చట్టం మారి ఆ పరిహారానికి ఆధారం పోతే తగ్గే విధానం కూడా అందులోనే రాయాలి. ఉమ్మడి సేవల ఖర్చు రెండో కాగితంలో, వాడకం కొలతతో, ప్రతి సేవకూ విడివిడిగా విడిపోయే ధరతో ఉండాలి. పదేళ్లకు ఒకసారి సమీక్ష తప్పనిసరి చేయాలి. ఆ సమీక్షకు రాని పక్షం ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, లేకపోతే అది సమావేశమైనట్టు ఫోటోలు దిగే కార్యక్రమంగా మిగిలిపోతుంది.

చివరిగా, సంతకానికి ముందే ఆ చెల్లింపును రాష్ట్ర పాఠశాల నిధుల సూత్రంలో, ఇతర సహాయ సూత్రాల్లో పెట్టి లెక్క వేసి చూడమంటాను. ఇచ్చే ప్రభుత్వం తన చేతిలో లేని డబ్బుకు కూడా శిక్ష అనుభవించే అవకాశం ఉంటే, ఆ నష్టాన్ని పంపకం సూత్రంలోనే కలిపి తీసివేయాలి. ఆ పని 1982లో చేసివుంటే, ఆల్బెమార్ల్ బడులు ఇన్నేళ్లుగా ఆ నష్టాన్ని మోయాల్సివచ్చేది కాదు.